1970 బొన్నెవిల్: రెండు అమల్ కార్బరేటర్లు ఉంచాలా, ఒకటికి మారాలా?

కవెంట్రీ రఘు:
అందరికీ నమస్తే. నాది 1970 ట్రయంఫ్ బొన్నెవిల్ టి120ఆర్ మోటార్ సైకిల్. 649 సీసీ, రెండు అమల్ కాన్సెంట్రిక్ 930 కార్బరేటర్లు. పోయిన వేసవిలో పాత సైలెన్సర్లు తీసేసి రివర్స్ కోన్ మెగాఫోన్లు (చప్పుడు ఎక్కువగా వదిలే గరాటు ఆకారపు పైపులు) బిగించాను. అప్పటి నుంచి యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పగానే బండి తటపటాయించి, ఆ తర్వాత ఒక్కసారిగా దూకుతోంది. వదిలేస్తే పైపుల్లో పటపటా మోత. ఎడమ పైపు హెడ్ దగ్గర నీలం తిరిగింది. అరవై మైళ్ల వేగం దాటాక మాత్రం వంక పెట్టడానికి ఏమీ లేదు. మెయిన్ జెట్లు (కార్బరేటర్‌లో పెట్రోలు వచ్చే సన్న రంధ్రాలు) పెంచి చూశాను, తేడా కనిపించలేదు. ఇక్కడి క్లబ్బులో ఒకాయన "ఆ రెండూ పీకేసి ఒకే మికుని కార్బరేటర్ పెట్టుకో, హాయిగా ఉంటుంది" అంటున్నాడు. మీరేమంటారు?

బుల్లెట్ భాస్కర్ (హైదరాబాద్):
ఇందులో ఆలోచించడానికి ఏముంది అన్నా? సైలెన్సర్ ఫ్రీ అయింది, బండి లీన్ అయింది, అంటే గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ. మెయిన్ జెట్ ఇంకో రెండు సైజులు పెంచండి. ఎయిర్ స్క్రూ ఒక చుట్టు బయటికి తిప్పండి, రిచ్ అవుతుంది. పొట్టి సైలెన్సర్ పెట్టిన ప్రతి బండికీ మేం చేసేది ఇదే.

యమహా సీను:
ఇంటర్‌సెప్టర్ 650 కొనుక్కోండి. ఫ్యూయల్ ఇంజెక్షన్. గొడవ లేదు.

పాత ఇనుము (లీడ్స్):
భాస్కర్ గారూ, కాన్సెంట్రిక్‌లో ఉన్నది గాలి స్క్రూ. లోపలికి తిప్పితే గాలి తగ్గి రిచ్ అవుతుంది, బయటికి తిప్పితే లీన్. మీరు చెప్పింది పూర్తిగా తలకిందులు.

రఘూ, మెయిన్ జెట్ జోలికి ఎందుకు వెళ్లావు? అది పని చేసేది ముప్పావు త్రాటిల్ నుంచి పూర్తిగా తెరిచేదాకా. నువ్వే అన్నావు, పైన బాగుందని. నీ జబ్బు మొదటి ఎనిమిదో వంతు తిప్పుడులో ఉంది. అక్కడ మాట చెల్లేది పైలట్ జెట్‌ది, గాలి స్క్రూది. ఆ పైన పావు దాకా స్లైడు (త్రాటిల్ తిప్పితే పైకి లేచే ముక్క) కటవే, అంటే దాని అంచున ఉన్న కోత; పావు నుంచి ముప్పావు దాకా నీడిల్ (స్లైడుకి వేలాడే సూది), నీడిల్ జెట్. సైలెన్సర్ మార్చినందుకు మెయిన్ జెట్ పెంచడం అందరికీ తెలిసిన చిట్కా, అంతే.

ఇంకోటి. మెగాఫోన్లు రెండు వైపులా పెట్టావు, పైపు ఒక్క ఎడమ వైపే నీలమైంది. తప్పు మెగాఫోన్‌దైతే కుడి పైపు ఎందుకు ఊరుకుంది? 1968 నుంచి ఈ బండ్లకు వచ్చిన పాయింట్ల సెట్‌లో రెండు సిలిండర్ల టైమింగ్, అంటే ప్లగ్గులో నిప్పురవ్వ పడే వేళ, విడివిడిగా సర్దుకోవాలి. స్ట్రోబ్ లైటు పెట్టి రెండు వైపులా 38 డిగ్రీలు వస్తోందా చూడు. అంతకంటే ముందు టాపెట్లు, అంటే వాల్వుల సందు: ఇన్‌లెట్ రెండు థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), ఎగ్జాస్ట్ నాలుగు థౌ, ఇంజను చల్లగా ఉన్నప్పుడు. ఇవన్నీ అయ్యాకే కార్బరేటర్ మీద చెయ్యి వెయ్యి.

బుల్లెట్ భాస్కర్:
నా పల్సర్‌లో బయటికి తిప్పితేనే రిచ్ అవుతుంది. ఈ చేత్తో తిప్పాను.

పాత ఇనుము:
అది సీవీ కార్బరేటర్. ఆ రకంలో చాలావాటికి స్క్రూ అదుపు చేసేది పెట్రోలు మిశ్రమాన్ని. అమల్‌లో గాలిని.

బుల్లెట్ భాస్కర్:
స్క్రూ అంటే స్క్రూయే సార్.

ఎన్‌జే నాయుడు (ఎడిసన్):
రఘు గారూ, ఒకే కార్బరేటర్ మాత్రం వద్దు, నా మాట వినండి. ఇక్కడ ఒక వర్క్‌షాప్‌లో నా బొన్నెవిల్‌కి అదే పని చేయించాను. పాత అమల్ జత ఏదని అడిగితే "చెత్తలో వేశాం" అన్నాడు. 1969 నుంచి ఆ బండి మీదే ఉన్న జత అది! పైగా మానిఫోల్డ్‌కి వేరే బిల్లు. ఆ మనిషి మొహం మళ్లీ చూడలేదు.

హలో_వైజాగ్:
నాయుడు గారూ, బండి బాగా నడిచిందా లేదా చెప్పలేదు మీరు.

ఎన్‌జే నాయుడు:
నడిచింది. ఐడిలింగ్ గడియారంలా ఉండేది. అసలు విషయం అది కాదు.

కవెంట్రీ రఘు:
పాత ఇనుము గారూ, మీరు నడిపేది ట్రయంఫ్ టిఆర్6 కదా? దానికి ఉన్నది ఒకే కార్బరేటర్. మీరు సుఖంగా ఒక్కదానితో తిరుగుతూ నన్ను రెండింటితో కుస్తీ పట్టమంటే ఎలా?

పాత ఇనుము:
నా టిఆర్6 ఫ్యాక్టరీ నుంచి వచ్చిందే ఒక్కదానితో. దాని హెడ్ వేరు, ఇన్‌లెట్ పోర్టులు దగ్గరగా ఉంటాయి. నీ హెడ్‌లో అవి విచ్చుకుని దూరంగా పోతాయి, వాటిని కలపాలంటే వంకర మానిఫోల్డ్ కావాలి. అది పెట్టుకున్నా నడుస్తుంది, కాదనను. కానీ ఎడమ టైమింగ్ తప్పి ఉంటే, ఒక కార్బరేటర్ పెట్టినా అది తప్పే ఉంటుంది. అప్పుడు మళ్లీ ఇక్కడికొచ్చి "మికుని బాగాలేదు" అని రాస్తావు.

స్లైడు కూడా చూడు. అమల్ పాత రకంలో స్లైడూ బాడీ ఒకే జింక్ లోహం, రాసుకుని రెండూ అరుగుతాయి. స్లైడును వేలితో కదిపితే ఊగుతోందంటే, ఐడిలింగ్‌లో దాని పక్కనుంచి లెక్కలేని గాలి దూరుతోందన్నమాట. ఇన్‌లెట్ల మధ్య బ్యాలెన్స్ రబ్బరు పగిలినా అంతే. ఎగ్జాస్ట్ వైపు, 1969 మోడల్ నుంచి పైపులను కలుపుతూ ఒక అడ్డ పైపు ఉంటుంది. దాని అతుకు వదులైతే అక్కడ గాలి పీల్చుకుని, త్రాటిల్ మూసినప్పుడు పటపటమంటుంది. మెగాఫోన్లు మార్చేటప్పుడు ఆ క్లాంపులు కదిలే ఉంటాయి.

హలో_వైజాగ్:
పెట్రోల్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? ఇంగ్లండ్‌లో 2021 సెప్టెంబరు నుంచి మామూలు పెట్రోల్ ఈ10 (పది శాతం దాకా ఇథనాల్) కదా. ఇథనాల్ కలపని పెట్రోల్‌కి 14.7 పాళ్ల గాలి సరిపోతే, ఈ10కి 14.1 చాలు. అంటే అదే జెట్‌తో బండి కాస్త లీన్.

కవెంట్రీ రఘు:
నేను సూపర్ పోయిస్తాను, ఈ5.

బుల్లెట్ భాస్కర్:
మాకిక్కడ ఈ20. మేమేమైనా ఏడుస్తున్నామా?

హలో_వైజాగ్:
నేను ఏడుస్తున్నాను.

లెస్టర్ లక్ష్మి:
నేను బండి మనిషిని కాను, మా ఆయన పోస్టు చూపిస్తే చదువుతున్నా. నైట్ డ్యూటీ నర్సుని. మా వీధిలో ఒకతనికి ఇలాంటి పైపులే ఉన్నాయి. పొద్దున్నే నేను పడుకునే టైముకి స్టార్ట్ చేసి, ఐడిలింగ్ నిలబడలేదని పది నిమిషాలు రేస్ చేస్తాడు. ఇంత పొడుగు చర్చలో ఒక్కరైనా ఆ చప్పుడు గురించి మాట్లాడలేదు.

కవెంట్రీ రఘు:
అక్కా, నలభై ఏళ్లు దాటిన బండ్లకి ఇక్కడ ఎంఓటీ కూడా అక్కర్లేదు.

లెస్టర్ లక్ష్మి:
ఏటా పరీక్ష అక్కర్లేదు బాబూ. చప్పుడు పెరిగేలా సైలెన్సర్ మార్చకూడదన్న రూల్ ఎక్కడికీ పోలేదు.

పాత ఇనుము:
ఆవిడ చెప్పింది నిజం. రఘూ, పాత సైలెన్సర్లు ఇంట్లోనే ఉన్నాయి కదా? ఒక్క రోజు అవి బిగించి, మాన్యువల్‌లో ఉన్న జెట్లు వేసి నడిపి చూడు. తటపటాయింపు అప్పుడూ ఉంటే మెగాఫోన్లకి సంబంధం లేదని తేలిపోతుంది. గంట పని.

కవెంట్రీ రఘు:
అవి బిగించను.

పాత ఇనుము:
ఎందుకని?

కవెంట్రీ రఘు:
పొద్దస్తమానం ఆఫీసులో చెవులకి హెడ్‌సెట్ పెట్టుకుని కూర్చునేవాణ్ని. ఆ చప్పుడు కోసమే ఈ బండి కొన్నాను. సైలెన్సర్లతో అది కుట్టు మిషన్‌లా ఉంటుంది.

పాత ఇనుము:
మరి ఇన్నాళ్లూ ట్యూనింగ్ అని ఎందుకు అడిగావు? నీకు కావలసింది చప్పుడు. జెట్లు, మికుని, ఇవన్నీ దానికి తగిలించిన సాకులు. ఫ్యాక్టరీ వాళ్లు ఆలోచించి పెట్టినదాన్ని తీసి పారేసి, బండి మీద నింద వేస్తున్నావు.

బుల్లెట్ భాస్కర్:
ఇదిగో, ఇప్పుడు బయటపడింది. లీడ్స్ పెద్దాయన గొడవ స్క్రూ గురించి కాదు. మాన్యువల్‌లో లేనిది చేసినవాడు మెకానిక్కే కాదు ఆయన లెక్కలో. నా దగ్గర బ్రిటిష్ ట్విన్ (రెండు సిలిండర్ల బండి) లేదని మొదటి నుంచీ నన్ను పక్కన పెడుతున్నారు. మాకు ఇక్కడ పార్టు దొరక్కపోతే లేతులో తిప్పి పెట్టుకుంటాం. బండి రోడ్డు మీద ఉండాలి, అంతే.

ఎన్‌జే నాయుడు:
భాస్కర్‌తో ఈ ఒక్క విషయంలో నేనున్నాను. ఫ్యాక్టరీ, ఫ్యాక్టరీ అంటారు, ఏ సంవత్సరం ఫ్యాక్టరీ? 1959లో బొన్నెవిల్ వచ్చినప్పుడు అమల్ పాత రకం మోనోబ్లాక్ కార్బరేటర్లు రెంటికి ఫ్లోట్ చాంబర్లు (పెట్రోలు నిలిచే గిన్నెలు) కోసేసి, రెంటికీ కలిపి విడిగా ఒక్కటి తగిలించారు. తర్వాత మామూలు మోనోబ్లాక్‌లు. ఆ పైన కాన్సెంట్రిక్. 1969లో అడ్డ పైపు. వాళ్లే ఏడాదికోసారి మార్చుకున్నారు. రఘు గారు మారిస్తే పాపమా?

పాత ఇనుము:
మార్చడం పాపమని నేనెక్కడన్నాను? వాళ్లు ఒకటి మారిస్తే దానికి తగ్గట్టు జెట్లూ స్లైడులూ మళ్లీ చూసుకున్నారు. రఘు చూపుకి నచ్చినవి, చెవికి నచ్చినవి పెట్టి, మిగతాది కార్బరేటరే సర్దుకోవాలంటున్నాడు. మెగాఫోన్లతోనే నడుపుతానంటే నడపనీ. అప్పుడు నీడిల్ పైకి ఒక గాడి, కటవే ఒక సైజు తక్కువ, ఇలా కొలిచి కొలిచి పోవాలి. ఓపిక ఉందా? మీరంతా "నీ బండి నీ ఇష్టం" అనేసి వెళ్లిపోతారు. ప్లగ్గులు విప్పి రంగు చూసేది మీరు కాదు కదా.

యమహా సీను:
నేను ముందే చెప్పా. 650.

హలో_వైజాగ్:
1956లో అమెరికాలోని బొన్నెవిల్ ఉప్పు మైదానం మీద జానీ అలెన్ గంటకు 214 మైళ్లతో దూసుకెళ్లింది ఈ ట్రయంఫ్ 650 ఇంజనుతోనే. ఇక్కడ మనం ఐడిలింగ్ గురించి కొట్టుకుంటున్నాం.

కవెంట్రీ రఘు:
ఇవాళ ఎయిర్ ఫిల్టర్లు తీసి చూశాను. ఎడమ స్లైడు బాగా ఊగుతోంది, కుడిది కాస్త నయం. అడ్డ పైపు క్లాంపు దగ్గర మసి చార ఉంది. స్ట్రోబ్ లైటు క్లబ్బు వాళ్లు ఆదివారం ఇస్తామన్నారు. మికుని ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టి, అమల్ ప్రీమియర్ (కాన్సెంట్రిక్‌లో కొత్త రకం) జత ఆర్డర్ పెడుతున్నా. అందులో స్లైడుకి గట్టి యానోడైజింగ్ పూత, పైలట్ జెట్ విప్పి శుభ్రం చేసుకోవచ్చు. మెగాఫోన్లు తీయను. లక్ష్మి అక్కా, తొమ్మిది లోపు స్టార్ట్ చేయను, అది ఒప్పుకుంటున్నా.

లెస్టర్ లక్ష్మి:
తొమ్మిదికి నేను గాఢ నిద్రలో ఉంటాను.

పాత ఇనుము:
కొత్తవి బిగించేటప్పుడు ఫ్లాంజ్ నట్లు బలంకొద్దీ తిప్పకు. ఫ్లాంజ్ వంగి స్లైడు పట్టేస్తుంది. ఓ రింగు సరిగ్గా కూర్చుంటే చాలు. రెండు స్లైడులూ ఒకేసారి కదులుతున్నాయా, బెల్‌మౌత్‌లో (కార్బరేటర్ గాలి పీల్చే నోట్లో) వేళ్లు పెట్టి చూసుకో. ఐడిలింగ్ సర్దేటప్పుడు ఒక ప్లగ్గు వైరు తీసి ఒక్కో సిలిండర్ విడిగా చూడాలి. నీది ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అయితే, తీసిన వైపు ప్లగ్గు ఎర్త్‌కి తగిలించి ఉంచు. మెగాఫోన్ల మీద నా అభిప్రాయం నీకు తెలుసు.

బుల్లెట్ భాస్కర్:
ప్రీమియర్ స్క్రూ కూడా ఒకసారి బయటికి తిప్పి చూడండి అన్నా.

ఎన్‌జే నాయుడు:
రఘు గారూ, విప్పిన పాత అమల్ జత పారేయకండి. స్లైడులు ఊగినా పర్లేదు, నేను కొంటాను. పోస్టేజీ నాదే. వర్క్‌షాప్‌లో ఎవరికీ ఇవ్వొద్దు.