ఇంట్లో అమ్మే ఆర్టిస్టు, అయినా మా బాబు ఏనుగు గీయడం మానేశాడు

పెరంబూరు_రంగులు (డిసెంబర్ 9)

అందరికీ నమస్కారం. చెన్నైలో, పెరంబూరులో ఉంటాను. పదకొండేళ్ళుగా బొమ్మలే నా జీవనం. పెంపుడు కుక్కల, పిల్లుల పోర్ట్రెయిట్లు వేస్తాను, పిల్లల పుస్తకాలకు జంతువుల బొమ్మలు గీస్తాను. మా బాబుకు ఆరేళ్ళు. మొన్నమొన్నటి దాకా ఖాళీ కాగితం కనిపిస్తే చాలు, ఏనుగు గీసేవాడు. దానికి ఎప్పుడూ ఐదు కాళ్ళు ఉండేవి. రెండు నెలల కింద నేను పక్కన కూర్చుని, "తొండం ఇలా ఉండాలి నాన్నా, కాళ్ళు నాలుగే కదా" అంటూ రబ్బరుతో చెరిపి సరిచేశాను. వాడు ఏమీ అనలేదు. పెన్సిల్ కింద పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటినుంచి ఎప్పుడు అడిగినా "నువ్వే గీయి, నాకు రాదు" అంటాడు.

స్కూల్లో జెరాక్స్ కాగితాల మీద బొమ్మలిచ్చి గీత దాటకుండా రంగు వేయమంటున్నారు. అందులో వాడికి స్టార్ వచ్చింది. ఆ కాగితం తెచ్చి నా చేతిలో పెడితే నాకు ఏడుపొచ్చింది. పిల్లలతో బొమ్మలు వేయించేవాళ్ళు, ఈ పనిమీదే బతికేవాళ్ళు మీకు తెలిసింది చెప్పండి. వాడికి జంతువులంటే ప్రాణం.

కొళత్తూరు_అమ్మ

అక్కా, ముందు ఆ రబ్బరు ఎక్కడైనా దాచేయండి. మా పాపకు నేను స్కెచ్ పెన్నులే ఇస్తాను. చెరపడానికి ఉండదు కాబట్టి గీత తప్పితే దాన్నే ఇంకేదో చేసేస్తుంది.

మిద్దెమీద_క్లాసు

మీరు మరీ బాధపడకండి అండీ. కంటికి కనిపించేది వేరు, చేతికి వచ్చేది వేరు అని పిల్లలకు తెలియడం మొదలైతే చాలామంది ఇలాగే ఆగిపోతారు. నేను విల్లివాక్కంలో మా మిద్దె మీద శనివారాలు పద్నాలుగు మందికి బొమ్మలు నేర్పుతాను. సగం మంది తెలుగు పిల్లలే. మొదటి రెండు వారాలు పెన్సిల్ ఇవ్వను. పిట్టగోడ మీద నాలుగు మెతుకులు పెట్టి అందరం దూరంగా కూర్చుంటాం. "కాకి ఏ రంగు?" అంటే నలుపు అని అందరూ ఒక్కసారే అరుస్తారు. కాకులు వచ్చాక కాసేపటికి ఎవరో ఒకరు లేచి "మెడ బూడిద రంగు మిస్!" అంటారు. అది ఊరకాకి. ఒళ్ళంతా నల్లగా, ముక్కు లావుగా ఉండేది బొంతకాకి. ఆ రెండూ వేరని ఒకసారి కళ్ళతో చూసిన పిల్ల, తర్వాత యూట్యూబ్‌లో కాకి బొమ్మ వెతకదు.

చీమ కూడా అంతే. ఆరు కాళ్ళూ నడుముకు ముందున్న మధ్య భాగం నుంచే వస్తాయి. పొట్టకు ఒక్క కాలు కూడా ఉండదు. భూతద్దం ఇచ్చి చూడమంటే చాలు, మనం చెప్పే పని ఉండదు.

ఇంకొకటి, ఇది పెద్దవాళ్ళకు కూడా. మేక వెనక కాలు గీసేటప్పుడు మోకాలు వెనక్కి వంగిందని అనుకుంటాం. వెనక్కి వంగినట్టు కనిపించేది దాని మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉంటుంది. ఇది మాటలతో చెబితే ఎక్కదు. పిల్లల్ని మునివేళ్ళ మీద నిలబెట్టి, మోకాళ్ళు కొంచెం వంచి మిద్దె అంతా నడిపిస్తాను. రెండు రౌండ్లు తిరిగాక వాళ్ళు గీసే మేక కాలు చూడండి. ఎగ్మూరు మ్యూజియంలో ఏనుగు అస్థిపంజరం ముందు నిలబెట్టి అదే మడమ వెతకమంటే భలే వెతుకుతారు. శుక్రవారం మ్యూజియానికి సెలవు, చూసుకుని వెళ్ళండి.

అంబత్తూరు_నాన్న

ఒక మాట చెప్పాలి. రంగులు నింపే కాగితాలను అంత తీసిపారేయకండి. మా వాడికి పెన్సిల్ పట్టు సరిగ్గా ఉండేది కాదు, రాస్తుంటే వేళ్ళు నొప్పి పుట్టేవి. థెరపిస్టు చెప్పి ఆ కాగితాలే వేయించారు. ఏడాది వేశాడు, చెయ్యి కుదిరింది. చెయ్యి సాధనకు అవి మంచివే. కానీ బొమ్మలంటే అవే అనుకుంటేనే ఇబ్బంది.

మిద్దెమీద_క్లాసు

నిజమే అన్నా. చెయ్యి కుదరని పిల్లలకు నేనూ ఇస్తాను.

కరక్కాయ_కలం

మాది శ్రీకాళహస్తి. మా తాతల నుంచి కలంకారీ పని. ఇప్పుడు ఆవడిలో ఉంటున్నాను. జంతువులంటే ఇష్టపడే పిల్లాడికి మా ఊరి పేరే ఒక బొమ్మ అండీ. శ్రీ అంటే సాలెపురుగు, కాళం అంటే పాము, హస్తి అంటే ఏనుగు. సాలీడు గూడు అల్లి శివుడికి నీడ పట్టింది, పాము మణులు తెచ్చి పెట్టింది, ఏనుగు తొండంతో నీళ్ళు తెచ్చి అభిషేకం చేసింది. మణులు చూసి ఏనుగు పక్కకు తోసేసేది, ఏనుగు పెట్టిన ఆకులు చూసి పాముకు కోపం వచ్చేది. ఈ కథ చెప్పి "నువ్వైతే ఎవరి వైపు?" అని అడిగితే ప్రతి పిల్లాడూ ఒక జంతువును పట్టుకుంటాడు. ఇక దాన్ని గీయకుండా ఊరుకోడు. మా అన్న కొడుకు పాము వైపు. ఆ పాముకు వాడు వేసిన పొలుసులు లెక్కపెట్టాలంటే సాయంత్రం పడుతుంది.

పెరంబూరు_రంగులు

అన్నా, కలంకారీ ఇంట్లో పిల్లలతో చేయించవచ్చా? నేను కాగితం మీద వాటర్ కలర్ మనిషిని, గుడ్డ పని తెలియదు.

కరక్కాయ_కలం

చేయించవచ్చు, పూర్తి పని కాకపోయినా నలుపు వరకు బాగా చేయవచ్చు. గంజి పోయేలా ఉతికిన తెల్ల కాటన్ గుడ్డ తీసుకోండి. కరక్కాయ పొడి నాటు మందు కడైలో, అంటే నాటు మందుల దుకాణంలో దొరుకుతుంది. ఆ పొడిని, గేదె పాలను నీళ్ళలో కలిపి గుడ్డను ముంచి, పిండి, ఎండలో ఆరేయాలి. పాలలో కొవ్వు ఉండబట్టే గీత పక్కలకు పాకదు. ఇక నలుపుకు తుప్పు పట్టిన మేకులు, బెల్లం నీళ్ళలో వేసి రెండు మూడు వారాలు పులియబెట్టాలి. వాసన వస్తుంది, బాల్కనీలో పెట్టండి. ఆ డబ్బా పిల్లలకు అందకుండా చూడండి. బట్టల మీద పడితే మరక పోదు.

కలం మీరే చేసుకోవచ్చు. సన్నటి వెదురు పుల్ల చివర చెక్కి, దానికి కొంచెం పైన ఉన్ని గుడ్డ ముక్క చుట్టి దారంతో బిగించాలి. ఉన్ని రంగు పీల్చుకుంటుంది, వేళ్ళతో మెల్లగా నొక్కితే మొనకు దిగుతుంది. డబ్బాలో ఆ నీళ్ళు పల్చగా, టీ డికాషన్‌లాగా ఉంటాయి. గుడ్డ మీద గీసినప్పుడు మొదట కనీకనిపించని గీత. చూస్తుండగానే ముదిరి, బూడిద రంగై, నల్లబడిపోతుంది. కరక్కాయలోని వగరు, ఇనుము కలిసి నలుపవుతాయి. నలభై ఏళ్ళుగా చూస్తున్నా ఆ క్షణం నాకు ఇప్పటికీ ఇష్టం. పిల్లలైతే ఊపిరి బిగబట్టి చూస్తారు, తప్పు గీశామా అనే ఆలోచన కూడా రాదు.

గోడ_నిచ్చెన

నేను గోడల మీద బొమ్మలు వేస్తాను, పదిహేనేళ్ళయింది. ఒక ప్రైవేటు స్కూలువాళ్ళు పిలిచి సింహం, జిరాఫీ, జీబ్రా, పెంగ్విన్ అన్నీ ఒకే అడవిలో కావాలన్నారు. నేను బతిమాలి సగం గోడ తీసుకున్నాను, అందులో మన చుట్టుపక్కల ఉండేవి వేస్తానన్నాను. గిండీ పార్కులోని కృష్ణజింకలు, పులికాట్ ఫ్లెమింగోలు, బీచ్‌కు గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేలు. తాబేలు దగ్గర పని చేస్తుంటే నాలుగో తరగతి పాప వచ్చి చాలాసేపు నిలబడి, "అంకుల్, దీనికి కన్నీళ్ళు లేవు" అంది. వాళ్ళ నాన్నతో రాత్రిపూట బీసెంట్ నగర్ బీచ్‌లో తాబేళ్ళ కోసం నడిచే వాళ్ళతో వెళ్ళిందట. అక్కడ ఒక తాబేలు గుడ్లు పెడుతుంటే కంట్లోంచి నీళ్ళు కారడం చూసిందట. అది ఒంట్లో ఎక్కువైన ఉప్పును బయటికి పంపడం. నేను అప్పటిదాకా ఫోటోలు చూసి గీసినవాడిని, నాకు ఆ సంగతి తట్టలేదు. ఆ పాపనే కుర్చీ ఎక్కించి, చేతికి బ్రష్ ఇచ్చి కంటి కింద తడి గీత పెట్టించాను.

ఆ స్కూలువాళ్ళు మిగతా సగం డబ్బులు ఐదు నెలలు తిప్పించుకుని ఇచ్చారు. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్ళు సగం అడ్వాన్స్ తీసుకోకుండా నిచ్చెన ఎక్కకండి. ఇంకో ముఖ్యమైన సంగతి, అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ వానలు, బయటి గోడ ముట్టుకోవద్దు. నేను ఒకసారి దీపావళి ముందు వేసి, పది రోజుల్లో కృష్ణజింక ఒళ్ళంతా బుడగలు రావడం చూశాను. రంగు వేసే ముందు ప్లాస్టిక్ కవర్‌ను నాలుగు వైపులా టేపుతో గోడకు అంటించి ఒక రాత్రి వదిలేయండి. పొద్దున లోపల చెమ్మ కనిపిస్తే గోడ ఇంకా ఆరలేదు.

కొత్తబ్రష్

అందరికీ నమస్తే. బొచ్చు సన్నగా గీయడానికి ముంగిస వెంట్రుకల బ్రష్ అయితే బాగుంటుందని ఒక షాపులో చెప్పారు. వాడొచ్చా?

పెరంబూరు_రంగులు

వద్దమ్మా, దయచేసి కొనకు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ముంగిస వెంట్రుకల వ్యాపారం నేరం. ఆ వెంట్రుకల కోసం ముంగిసలను చంపుతారు. షాపువాళ్ళు వేరే పేరు చెప్పి కూడా అమ్ముతారు, అందుకని గుర్తుపట్టడం నేర్చుకో. వెంట్రుక కొస ముదురు గోధుమ, మధ్యలో మీగడ రంగు, కింద మళ్ళీ ముదురు రంగు పట్టీలుగా ఉంటాయి. నేను పోర్ట్రెయిట్లన్నీ సింథటిక్ బ్రష్‌లతోనే వేస్తాను. సున్నా నంబరు బ్రష్ తడి తీసి, వేళ్ళతో మొన నొక్కి చీల్చితే ఒక్క గీతకు నాలుగైదు వెంట్రుకలు పడతాయి. జంతువును ఇష్టపడి గీసే బొమ్మ కోసం ఇంకో జంతువు చావకూడదు.

మిద్దెమీద_క్లాసు

పెరంబూరు అక్కా, ఒక సంగతి అడగాలి. కుక్క బొమ్మ ఆర్డర్ వస్తే మీరు ముందు ఏం చేస్తారు?

పెరంబూరు_రంగులు

ఫోటోలు తెప్పించుకుంటాను, ఫోన్ చేసి చాలా అడుగుతాను. ఎలా పడుకునేది, ఏ చెవి వాలి ఉండేది, బయటికి వెళ్దామంటే ఏం చేసేది. చాలామంది కుక్క పోయాకే చేయిస్తారు. ఒకావిడ అరగంట మాట్లాడి చివర్లో, "దాని మూతి మీద ఎడమవైపు ఒక్క మీసం మాత్రం తెల్లగా ఉండేది" అన్నారు. ఫోటోలో అది కనిపించలేదు. బొమ్మంతా అయ్యాక ఆ ఒక్క మీసం వేసి పంపాను. ఆవిడ ఫోన్ చేసి మాట్లాడలేకపోయారు.

మిద్దెమీద_క్లాసు

మరి బాబును ఆ ఐదో కాలు గురించి అడిగారా?

పెరంబూరు_రంగులు (మరుసటి రోజు)

రాత్రి నిద్రపుచ్చుతూ అడిగాను. వాడు వెంటనే చెప్పాడు. "అది మావటివాడి కాలమ్మా. వాడు ఏనుగు అవతల పక్కన నడుస్తున్నాడు." పోయినేడు తిరుమలలో బ్రహ్మోత్సవాలకు వెళ్ళినప్పుడు వాహనం ముందు ఏనుగులు నడిచాయి. నాన్న భుజం మీద కూర్చుని చూశాడు. ఏనుగు ఒంటికి అవతల ఉన్న మనిషి కాలు మాత్రమే కింద కనిపించి ఉంటుంది. నేను చెరిపేసింది ఆ కాలునే. వాడికి సారీ చెప్పాను. "పర్లేదులే" అని అటు తిరిగి పడుకున్నాడు.

కరక్కాయ_కలం

తల్లీ, ఆ బొమ్మ ఇంకా ఉంటే పారేయకండి.

కొళత్తూరు_అమ్మ

ఇది చదివి మా పాప పాత బొమ్మలన్నీ తీసి కూర్చున్నాను.

అంబత్తూరు_నాన్న

సెలవుల్లో మహాబలిపురం తీసుకెళ్ళండి. అర్జున తపస్సు రాతి మీద పెద్ద ఏనుగు కాళ్ళ మధ్య పిల్ల ఏనుగులు ఉంటాయి. దాని దగ్గరే ఒక పిల్లి చేతులు పైకెత్తి తపస్సు చేస్తుంటే చుట్టూ ఎలుకలు ఉంటాయి. పక్కనే కృష్ణ మండపంలో పాలు పితుకుతుంటే దూడను నాకే ఆవు. పల్లవుల శిల్పి కూడా ముందు ఏ దొడ్లోనో కూర్చుని చూసే ఉంటాడు. వండలూరు జూ అయితే మంగళవారం సెలవు. మధ్యాహ్నం జంతువులు నిద్రపోతాయని అందరూ తిట్టుకుంటారు కానీ, గీసుకునేవాళ్ళకు కదలకుండా పడుకున్న పులి కంటే మంచిది ఏముంటుంది?

పెరంబూరు_రంగులు (జనవరి 17)

అందరికీ సంక్రాంతి శుభాకాంక్షలు. మహాబలిపురం ఇంకా వెళ్ళలేదు. కరక్కాయ అన్న చెప్పిన డబ్బా బాల్కనీలో పులుస్తోంది. పండగ రోజు మా వీధిలోకి గంగిరెద్దు వచ్చింది. ఆ తాత తెలుగే మాట్లాడతారు. బాబు అరగంట ఎద్దు పక్కనే ఉన్నాడు. తాత అడ్డు చెప్పలేదు. ముక్కుతాడు ఎక్కడ దూరుతుందో చూశాడు, గంగడోలు పట్టుకుని ఊపాడు, మూపురం మీద కప్పిన బొంతలో ఎన్ని రంగుల గుడ్డలున్నాయో లెక్కపెట్టాడు. ఇంట్లోకి వచ్చి నా బల్ల మీది కాగితం తీసుకున్నాడు. నేను వంటింట్లోకి వెళ్ళిపోయాను.

కాసేపటికి టేప్ కావాలని వచ్చాడు. ఎద్దును గిట్టల దగ్గర మొదలుపెట్టి పైకి గీశాడు, వాడి ఎత్తుకు ముందు కనిపించేవి అవే. మూపురం దగ్గర కాగితం అయిపోయింది. పైన ఇంకో కాగితం అతికించాను, కొమ్ములు వచ్చాయి. ఎద్దు అవతల పక్క ఒక మనిషి కాలు కూడా ఉంది. ఇప్పుడు తోకకు పక్కన మూడో కాగితం అంటించమంటున్నాడు.