వాయిద్యం అద్భుతం, ఆ గ్రౌల్స్ మాత్రం నాకు ఎక్కట్లేదు. ప్రోగ్రెసివ్ డెత్ మెటల్ వినేవాళ్ళు చెప్పండి

గంటస్తంభం ఫ్లెక్సీలు, విజయనగరం:

అందరికీ నమస్కారం. గంటస్తంభం దగ్గర మాదో చిన్న ఫ్లెక్సీ షాపు. పండగ సీజన్లో, అందులోనూ పైడితల్లమ్మ సిరిమానోత్సవం ముందు వారం, మిషన్ రాత్రంతా ఆగదు. నిద్ర పట్టకుండా ఉండడానికి పాటలు పెట్టుకుంటాను. అలా తగిలింది ఓపెత్. స్వీడన్ బ్యాండు. వాయించేది ప్రోగ్రెసివ్ డెత్ మెటల్, అంటే భారీ గిటార్లు, మలుపులు తిరిగే పొడవాటి పాటలు, మధ్యలో గర్జించే గొంతు. 2001లో వచ్చిన ‘బ్లాక్‌వాటర్ పార్క్’తో మొదలుపెట్టి, దాని ముందువీ తర్వాతవీ వింటున్నాను.

సూటిగా చెప్తాను. వాయిద్యం అంటే పిచ్చి పట్టింది. గొంతు దగ్గరే తేడా కొడుతోంది. మొత్తం గొంతు కాదు లెండి. ఆ బ్యాండు గాయకుడు మికాయెల్ ఆకర్‌ఫెల్ట్ మామూలుగా పాడితే ప్రాణం లేచొస్తుంది. అదే మనిషి అదే పాటలో గ్రౌల్, అంటే ఆ గర్జన, అందుకున్నాడంటే నా చెయ్యి దానంతటదే మౌస్ మీదకి పోతుంది. అదే ఆల్బమ్‌లో ‘ది డ్రాపరీ ఫాల్స్’ చూడండి. దాదాపు పదకొండు నిమిషాల పాట. మొదట్లో అకూస్టిక్ గిటార్, దాని మీద తేలుతున్నట్టు ఇంకో గిటార్, మెత్తని గొంతు. తొందరేం లేకుండా సాగుతుంది. మనల్ని పూర్తిగా లోపలికి లాక్కున్నాక ఆ గర్జన వస్తుంది. ఓసారి ఆ ముక్క వచ్చేసరికి మా షాపు కుర్రాడు టీ గ్లాసు పక్కన పెట్టేసి పరిగెత్తాడు. “అన్నా, హెడ్డు రాసుకుంటంది, మిషనాపు!” అని. ప్రింటర్ హెడ్ ఫ్లెక్సీకి తగిలి గీసుకుపోతోందని వాడి భయం. స్పీకర్లోంచి అని చెప్తే నమ్మలేదు, మిషన్ ఆపి చూశాకే కూర్చున్నాడు.

నాకు హోరంటే భయం లేదు. డ్రమ్ములు ఎంత జోరుగా పడినా సరే. సాహిత్యం చావూ చీకటీ అనీ కాదు. చిన్నప్పుడు కొన్నేళ్ళు వయొలిన్ నేర్చుకున్నాను, వర్ణాల దాకా వచ్చి మానేశాను. అందుకేనేమో, పాట వింటుంటే స్వరం ఎటు పోతోందో చూసుకోవడం అలవాటు. గ్రౌల్ దగ్గర చూసుకోవడానికి ఏమీ ఉండదు. కోపం, ఏడుపు, భయం, వెటకారం అన్నీ ఒకే మొహంతో వస్తాయి. మా పని భాషలో చెప్పాలంటే, రంగులన్నీ చక్కగా కుదిర్చి డిజైన్ చేశాక, అమ్మవారి పేరు దగ్గర్నుంచి ఫోన్ నంబరు దాకా ఒకే లావుపాటి ఫాంటులో కొట్టించినట్టు.

వింటూ ఉంటే ఇది అలవాటవుతుందా? అసలు అలవాటు చేసుకోవాల్సిన పనుందా? “ఇది నీ స్థాయికి కాదు” లాంటి జవాబులు వద్దు, ప్లీజ్.

నాగావళి నైట్స్, శ్రీకాకుళం:

గ్రౌల్స్ వద్దనుకుంటే డెత్ మెటల్ దాకా ఎందుకన్నా? డ్రీమ్ థియేటర్ అనే బ్యాండు విను. తాళం లెక్కలకి లెక్కలు, పాటకి పాట, గొడవ లేదు.

గంటస్తంభం ఫ్లెక్సీలు:

విన్నాను తమ్ముడూ. వాయించడంలో వంక పెట్టలేం. కానీ నాక్కావాల్సిన ఆ చీకటి, తీగలు వదులు చేసి మోగించే ఆ బరువు అక్కడ లేవు. సమస్యే అది. నాకు కావాల్సింది ఈ ఇంట్లోనే ఉంది, గుమ్మంలో ఈయన నిలబడ్డాడు.

పలాస జీడి:

అన్నా, ఇంజనీరింగ్ రోజుల్లో కాలేజీ బ్యాండులో గ్రౌల్ చేసేవాణ్ణి నేనే. ఇప్పుడు జీడిపప్పు వ్యాపారం చూసుకుంటున్నా కాబట్టి నా మాటకి రేటు ఎంత కడతావో నీ ఇష్టం.

ముందు ఆ శబ్దం ఎలా వస్తుందో చెప్తా. మనం మాట్లాడే స్వరతంత్రులకి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలుగా వాటికి పాటలో పనుండదు. గ్రౌల్ చేసేటప్పుడు వాటినీ ఆ చుట్టుపక్కల కండనీ దగ్గరికి తెచ్చి వణికిస్తాం. ఆ వణుకు సమంగా ఉండదు కాబట్టి చెవికి శ్రుతి అందదు. నువ్వు వెతికేది దొరక్కపోవడానికి కారణం అదే, నీ చెవిలో లోపం కాదు. రష్యాలో, మంగోలియాకి ఆనుకుని తువా అనే ప్రాంతం ఉంది. అక్కడివాళ్ళు కర్గిరా అనే పద్ధతిలో పాడతారు. వాళ్ళూ ఆ పై మడతల్నే కదిలిస్తారు, కాకపోతే కింది తంత్రుల వేగంలో సరిగ్గా సగానికి కట్టి ఉంచుతారు. అందుకే వాళ్ళది ఒక స్థాయి కిందికి దిగి, శ్రుతిగానే వినిపిస్తుంది. యూట్యూబులో ఉంటాయి, ఒకటి విను. గరుకుదనం వేరు, శ్రుతి లేకపోవడం వేరు అని అప్పుడు తెలుస్తుంది. నీకు పడనిది రెండోదే అని నా అనుమానం.

ఇంకోటి. ఇది గొంతు చించుకుని అరవడం కాదు. మైకు తీసేస్తే చాలామంది గ్రౌల్ మనం అనుకున్నంత పెద్దగా ఉండదు. ఊపిరి పొట్ట దగ్గర ఆనించి పట్టుకోవాలి, మిగతా పని మైకుది. తెలియకుండా అరిస్తే మర్నాడు మాట రాదు. మా బ్యాండులో ఒకడు వైవా రోజున సైగలతో నెట్టుకొచ్చాడు. న్యూయార్క్‌లో మెలిస్సా క్రాస్ అనే ఆవిడ ఇది నేర్పడమే వృత్తిగా పెట్టుకుని 2005లో ఒక డీవీడీ కూడా తెచ్చారు.

అన్నీ ఒకే మొహం అన్నావు చూడు, అది మాత్రం ఒప్పుకోను. ఆకర్‌ఫెల్ట్‌ది లోతుగా, గుండ్రంగా ఉంటుంది. ఫ్లోరిడా ‘డెత్’ బ్యాండు చక్ షుల్డినర్‌ది వేరు. 1991లో ‘హ్యూమన్’ నుంచి 1998లో ‘ది సౌండ్ ఆఫ్ పర్సెవరెన్స్’ దాకా వరసగా వింటే ఆ గొంతు పైపైకి పోతూ, పలుచనవుతూ, మాట తేలుతూ ఉంటుంది. నువ్వు 1995 నాటి ‘సింబాలిక్’తో మొదలెట్టు. లిరిక్స్ ఎదురుగా పెట్టుకో. స్వరం కోసం వెతక్కు. హల్లులు ఎక్కడ పడుతున్నాయో చూడు. క, ట, డ లాంటివి డ్రమ్ము దెబ్బ మీద ఎలా కూర్చుంటాయో వినపడితే సగం పనైపోయినట్టే.

కోట పక్క వయొలిన్, విజయనగరం:

బాబూ, నేను ఇక్కడి మహారాజా సంగీత కళాశాలలో చదువుకున్నదాన్ని. మా అబ్బాయి పొద్దస్తమానం ఇదే పెడతాడు కాబట్టి నా చెవినా పడింది. నువ్వు చెప్పిన పాట కూడా వాణ్ణి అడిగి పెట్టించుకుని విన్నాను.

వయొలిన్ నేర్చుకున్న చెవి కాబట్టి నచ్చలేదనకు. మన ఊరి కళాశాలకి 1919లో మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు. హరికథ మనిషి. హరికథలో హిరణ్యకశిపుడు మాట్లాడితే దాసుగార్లు తంబురా శ్రుతిలోనే మాట్లాడతారా? గొంతు విరిచి గద్దిస్తారు. ఎవరూ లేచిపోరు. కాకపోతే ఆ గద్దింపు ఒక్క మాట, రెండు మాటలు. మళ్ళీ పద్యం అందుకుంటారు. వీళ్ళు నాలుగేసి నిమిషాలు గద్దిస్తూనే ఉంటారు. నాకైనా విసుగు అక్కడే. రౌద్రం అంతసేపు నిలబడదు.

అయితే ఒక సంగతి గమనించావా? ఆ గిటార్లు పక్కపక్క స్వరాల్ని ఒకదాని మీద ఒకటి పెట్టి మోగిస్తాయి. మనం అపస్వరం అనేవే, కావాలనే. వాటి మీద ఎవరైనా ఒక స్వరం పట్టుకుని పాడారనుకో, గొంతు ఏదో ఒకదానితో కొట్టుకుంటుంది. కొట్టుకోకూడదంటే గిటార్లు పద్ధతిగా పక్కకి జరిగి గొంతుకి దారివ్వాలి. మన కచేరీలో పక్కవాద్యం చేసేది అదే కదా. ఇక్కడ గొంతే శ్రుతి వదిలేసింది. దాంతో గిటార్లకి ఎవరికీ లొంగాల్సిన పని లేకుండా పోయింది. నీకు నచ్చిన ఆ వాయిద్యంలో కొంత భాగం నీకు నచ్చని గొంతు ఖాళీ చేసి ఇచ్చిన జాగాయే. ఈసారి మెత్తగా పాడే చోట గిటార్లు ఎంత మర్యాదగా ఉంటాయో, గర్జన రాగానే ఎంత పెంకిగా తయారవుతాయో పోల్చి చూడు.

మన వైపు తప్పెటగుళ్ళు చూస్తాం. గుండెల మీద కట్టుకున్న ఆ తప్పెటకి శ్రుతి చేసుకోలేదేం అని ఎవరైనా అడిగారా?

నాగావళి నైట్స్:

మేడమ్ పాయింటు సూపర్. అన్నా, ఇందాక తేలిగ్గా మాట్లాడేశాను, ఇప్పుడు పనికొచ్చేది చెప్తా. ఓపెత్‌లోనే 2003లో వచ్చిన ‘డామ్నేషన్’ మొదటి నుంచి చివరి దాకా క్లీన్, అంటే గ్రౌల్ లేని మామూలు పాటే. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ లాగే దీన్నీ పోర్కుపైన్ ట్రీ బ్యాండు స్టీవెన్ విల్సన్‌తో కలిసి ప్రొడ్యూస్ చేశారు. 2011లో ‘హెరిటేజ్’ నుంచి వరసగా నాలుగు స్టూడియో ఆల్బమ్‌లలో గ్రౌల్ లేదు. ఓపెత్ కాక, సినిక్ బ్యాండు ‘ఫోకస్’, 1993. అందులో ప్రధాన గొంతు వోకోడర్ అనే పరికరంలోంచి రోబో లాగా వస్తుంది, పక్కన కాస్త గ్రౌల్ ఉంటుంది. జాజ్ వాసన ఎక్కువ. చక్ ‘హ్యూమన్’లో గిటార్, డ్రమ్ము వాయించిన ఇద్దరు సినిక్ వాళ్ళే.

గంటస్తంభం ఫ్లెక్సీలు:

అందరికీ థాంక్స్. పెళ్ళి ఆర్డర్లు తగ్గాక తీరిగ్గా కూర్చుని విన్నాను.

పలాస తమ్ముడూ, ‘సింబాలిక్’ పనిచేసింది. లిరిక్స్ చూస్తూ వింటే నిజంగానే మాట వినపడుతోంది, కోపం ఎవరి మీదో తెలుస్తోంది. కానీ ఆ చక్ గురించి చదువుతుంటే ఇంకోటి దొరికింది. ఆయనే కంట్రోల్ డినైడ్ అని ఇంకో బ్యాండు పెట్టి 1999లో ఆల్బమ్ తెచ్చాడు. గిటార్ తనే వాయించి, పాడడానికి టిమ్ ఐమార్ అనే గాయకుణ్ణి పెట్టుకున్నాడు. గ్రౌల్ కాదు, పాట! 2001 డిసెంబరులో బ్రెయిన్ ట్యూమర్‌తో పోయాడు, ముప్ఫై నాలుగేళ్ళకే. ఈ గొంతుకి దారి వేసినవాళ్ళలో ఒకడే చివరికి పాడే మనిషిని వెతుక్కుంటే, నన్ను తప్పు పట్టేవాళ్ళు ఆయనకేం చెప్తారు?

మేడమ్, మీరన్నది ‘బ్లాక్‌వాటర్ పార్క్’లోని ‘బ్లీక్’ పాటలో పోల్చి చూశాను. గర్జన ఉన్నచోట గిటార్ ఒక మూలకి వెళ్ళి అడ్డంగా తిరుగుతుంది, పాట రాగానే సర్దుకుంటుంది. ఇన్నాళ్ళూ విన్నా నాకది తట్టలేదు. తప్పెట మాటకి మాత్రం నా జవాబు ఉంది. తప్పెట మాట్లాడదు. ఈయన మాట్లాడుతున్నాడు. సాహిత్యం రాసుకుని, పుస్తకంలో అచ్చు వేయించి, దాన్ని వినపడనివ్వకపోతే ఎలా?

పలాస జీడి:

చక్ సంగతి నిజమే అన్నా. కానీ రెండో వైపు కూడా చూడు. ఆకర్‌ఫెల్ట్ అన్నేళ్ళు రికార్డుల్లో గ్రౌల్ మానేసి, 2024లో ‘ది లాస్ట్ విల్ అండ్ టెస్టమెంట్’లో మళ్ళీ అందుకున్నాడు. మొదటి ప్రపంచయుద్ధం అయ్యాక ఒక పెద్దింట్లో చనిపోయిన తండ్రి వీలునామా చదివే కథ. పాటలకి పేర్లు కూడా ఉండవు, ఆఖరిదానికి తప్ప. ఒకటో పేరా, రెండో పేరా అని వీలునామా లెక్కే. జెత్రో టల్ బ్యాండు ఇయాన్ ఆండర్సన్ వేణువు కూడా ఉంది. హాయిగా పాడుకుంటూ బతికేయగలిగిన మనిషి యాభై ఏళ్ళ దగ్గర మళ్ళీ ఆ గొంతుకి ఎందుకెళ్ళాడంటావ్?

గంటస్తంభం ఫ్లెక్సీలు:

వీలునామా అంటే గద్దించాల్సిందేలే, మా ఇంట్లో కూడా ఒకటి చదివారు.

విన్నాను. ఇందులో గర్జన వచ్చి కాసేపు ఉండి పోతోంది, మేడమ్ చెప్పిన హరికథ కొలత దగ్గర్లో ఉంది. అందుకే పట్టింది. ఆఖరి పాటలో అసలే లేదు, అది ఇంకా బాగుంది. ప్రస్తుతానికి నా లెక్క ఇది: చక్‌కి ఓకే. కొత్త ఓపెత్‌కి ఓకే. ‘బ్లీక్’ ఇక దాటెయ్యను. ‘బ్లాక్‌వాటర్ పార్క్’ మొదటి పాట ‘ది లెపర్ అఫినిటీ’ మాత్రం నా వల్ల కాదు. దాని చివర పియానో ముక్క ఒకటుంది, తిన్నగా అక్కడికే జరుపుకుని వింటాను. ఎవరేమన్నా అనుకోండి.