ఆరు కుర్తాలు, మూడు ప్యాంట్లు: మూడో ప్యాంటు ఏ రంగు తీసుకోవాలె?

హన్మకొండల ఆఫీసుకు, ఇంటికి, చిన్న ఫంక్షన్లకు కలిపి ఆరు కుర్తాలు, మూడు ప్యాంట్లు, రెండు చున్నీలతో సరిపెట్టాలనుకుంటున్న. ప్రతి కుర్తా ప్రతి ప్యాంటుకు కలిస్తేనే 18 జతలైతయి. ఒక్కటి కలవకున్నా లెక్క తప్పుతది.

కుర్తాలు నాలుగు సాదా కాటన్, రెండు పోచంపల్లి ఇక్కత్. ప్యాంట్లల్ల నేవీ బ్లూ, గోధుమ రంగు ఖాయం. మూడోది తెలుపైతే ముసురుల బురద మరకలు, పైగా ఎర్ర ఇక్కత్‌తో కలిపి నానబెడితే రంగు అంటుకుంటది. బూడిద రంగు నయమా?

కాటన్ గుడ్డను కుట్టియ్యకముందే రాత్రంతా నానబెట్టి ఆరేస్తం, తర్వాత కురచ కావద్దని. లైనింగ్‌ను కూడా అట్లనే నానబెట్టాల్నా, లేకుంటే కుట్ల దగ్గర గుంజుతదా?

ముసురు పట్టినప్పుడు తొందరగ ఆరని మందం కాటన్‌కు బదులు ఏ బట్ట వాడుతున్నరు? పాలిస్టర్ మాత్రం చెప్పకుండ్రి, మన మే నెల ఎండలకు ఒంటికి అతుక్కుంటది.