మూలకణాలా, రోగనిరోధక కణాలా: ఎమ్మెస్సీ తర్వాత ఏ దారి?

ప్రశ్న (నల్లగొండ విద్యార్థిని):
నేను నల్లగొండలో ఎమ్మెస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది చదువుతున్నాను. మూలకణాల (ఇతర రకాల కణాలుగా మారగల కణాల) మీద పీహెచ్‌డీ చేయాలని డిగ్రీ నాటి నుంచీ కోరిక ఉన్నా, ఇప్పుడు ఇమ్యునాలజీ (రోగనిరోధక శాస్త్రం) పాఠాలు వింటుంటే మనసు అటు లాగుతోంది. రెండింటిలో ఒకదాన్ని ఇప్పుడే ఎంచుకోవాలా? ముందుగా ఏం నేర్చుకోవాలి?

జవాబు (దేవరకొండ, పీహెచ్‌డీ పరిశోధకుడు):
ఈ రెండూ మూలుగ దగ్గరే కలుస్తాయి. మనం నల్లిబొక్కలో ఇష్టంగా తినే ఆ మూలుగలోని రక్త మూలకణాల నుంచే ఎర్రకణాలూ, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలూ పుడతాయి. మరో రకం రోగనిరోధక కణాలైన టి కణాల పూర్వరూపాలు మాత్రం అక్కడి నుంచి బయలుదేరి ఛాతీలోని థైమస్ గ్రంథి చేరి, నాచ్ అనే సంకేతం అందాక టి కణాలుగా రూపుదిద్దుకుంటాయి. 1961లో టొరంటోలో టిల్, మెకల్లక్‌లు వికిరణానికి గురిచేసిన ఎలుకలకు మూలుగ కణాలు ఎక్కించి, వాటి ప్లీహంలో లేచిన బుడిపెలను లెక్కపెట్టి మూలకణాలకు తొలి ప్రయోగ ఆధారం చూపారు. పుట్టగానే థైమస్ తీసేసిన ఎలుకల్లో రోగనిరోధకత దెబ్బతింటుందని జాక్ మిల్లర్ ప్రకటించిందీ ఆ ఏడాదే. రెండు దారులూ ఇలా ముడిపడి ఉన్నాయి కనుక ఎంపికకు తొందర లేదు.

ముందు ఫ్లో సైటోమెట్రీ (కణాలను ఒక్కొక్కటిగా లేజర్ కాంతిలో పరీక్షించే పద్ధతి) నేర్చుకోండి, ఎందుకంటే పైపొర మీద సీడీ34 అనే ప్రొటీన్ ఉన్న రక్త మూలకణాన్నైనా, సీడీ3 ఉన్న టి కణాన్నైనా గుర్తించి వేరుచేసేది అదే. కణాలను గుర్తించేందుకు వాడే యాంటీబాడీలు చనిపోయిన కణాలకు ఊరికే అంటుకుంటాయన్న సంగతి పట్టించుకోక, నేను మూడు నెలల ఫలితాలు పారేయాల్సి వచ్చింది. ఆ బాధ మీకు వద్దు; బతికిన కణాలను వేరుచేసే రంగు మొదటి రోజు నుంచే వాడండి.

జవాబు (మహబూబ్‌నగర్, విశ్రాంత అధ్యాపకురాలు):
అమ్మా, పై సలహా మంచిదే గానీ, ల్యాబ్ గడప తొక్కేదెలాగో కూడా చెప్పాలి. సైన్స్ అకాడమీల వేసవి ఫెలోషిప్‌కు దరఖాస్తు చేయండి. రెండు నెలలు నిజమైన ల్యాబ్‌లో పనిచేయవచ్చు. సీఎస్ఐఆర్ నెట్‌లో జేఆర్ఎఫ్ (పరిశోధక ఫెలోషిప్) వస్తే 2023 నుంచి నెలకు 37,000 రూపాయలు ఇస్తున్నారు. ఇంటి మీద భారం పడదు. హైదరాబాద్ సీసీఎంబీ, పుణే ఎన్‌సీసీఎస్, బెంగళూరు ఇన్‌స్టెమ్ వంటి పరిశోధన సంస్థల్లో దరఖాస్తు చేసే ముందు, ఆ ల్యాబ్ ఇటీవలి పత్రాలు రెండైనా చదివి, మీకు తట్టిన ప్రశ్నను ఉత్తరంలో రాయండి. నా విద్యార్థుల్లో చాలామంది మార్కులే రాసి, ప్రశ్న రాయడం మరిచిపోయేవారు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని:
ఇద్దరికీ కృతజ్ఞతలు. నా ప్రాజెక్టు అంశం ఇంకా ఖరారు కాలేదు. వయసు మీరితే మూలుగ నుంచి బి కణాలు ఎందుకు తగ్గుతాయన్నది చదవడం ఈ వారమే మొదలుపెడతాను.