గతకాలము మేలా, గతకాలమె మేలా?

పాఠకురాలు:
భూతాపం మీద వాదన నడుస్తోంది. అవతలాయన "భూమి వేడెక్కడం, చల్లబడడం ఎప్పుడూ ఉన్నదే, అంతా కాలచక్రం. భారతంలో నన్నయే చెప్పాడు" అంటూ 'గతకాలమే మేలు వచ్చు కాలముకంటెన్' అని ముగించారు. ఆ పద్యంలో చక్రం ఊసు ఉన్నట్టు నాకు గుర్తులేదు. 'ఎండమావు లట్టుల' దాకా వస్తోంది, ఆ తర్వాత 'అతిక్షణికంబులు'కి ముందు మాట నాలుక మీదే ఆడుతోంది గానీ బయటికి రావడం లేదు. ఎవరైనా అందిస్తారా?

ఛందోప్రియ:
మతిఁ దలఁపఁగ సంసారం
బతిచంచల మెండమావు లట్టుల సంప
త్ప్రతతు లతిక్షణికంబులు
గతకాలము మేలు వచ్చు కాలముకంటెన్

మీకు జారిపోయింది 'సంపత్ప్రతతులు', అంటే సంపదల సమూహాలు. తకార ప్రాస పట్టుకుంటే దానంతటదే వస్తుంది. అయితే దయచేసి 'గతకాలమే' అనకండి. గతకా, లము మే, లు వచ్చు, కాలము, కంటెన్. 'మే' అని సాగదీస్తే నాలుగే ఉండాల్సిన రెండో గణానికి ఐదు మాత్రలు పడతాయి, కందం చెడుతుంది.

పదనిధి:
దీర్ఘం చెడగొడుతుంది, ఒప్పుకుంటాను. హ్రస్వం మాటేమిటి? 'లమె మే' కూడా నాలుగు మాత్రల సగణమే కదా. జనం నోట ఏవకారం, అంటే ఆ 'ఏ' అన్న నొక్కు, ఊరికే నిలవలేదు. 'గతకాలము మేలు' అంటే ఉత్త పోలిక. 'గతకాలమె మేలు' అంటే తేల్చి చెప్పడం. ఈ మాట చెప్పే వ్యాసుడి గొంతుకు రెండోదే నప్పుతుంది.

ఛందోప్రియ:
గణం కుదిరినంత మాత్రాన పాఠం అయిపోదండీ. నేను చదివిన అచ్చు ప్రతుల్లో ఉన్నది 'ము'. చివర 'కంటెన్' పెట్టుకున్నాక ఏవకారంతో పనేముంది? అనవసరమైన అక్షరం వేసే కవి కాదు నన్నయ.

వ్యాసపీఠం:
ఆ అక్షరం కాసేపు పక్కన పెట్టి సందర్భం చూద్దాం. పాండురాజు పోయాక వ్యాసుడు తల్లి సత్యవతికి చెప్పే మాట ఇది. ముందున్న రోజులు నువ్వు చూడలేవు, తపోవనానికి వెళ్లిపో అంటున్నాడు. పోయినవి మళ్లీ వస్తాయని ఊరడించడం లేదు. సంస్కృత మూలం ఇంకా కఠినంగా ఉంటుంది: 'శ్వః శ్వః పాపీయదివసాః పృథివీ గతయౌవనా'. ఏ రేపటికా రేపు మరింత పాపిష్ఠి రోజు, భూమికి యౌవనం గడిచిపోయింది. ఈ ముక్క నన్నయ ఎందుకు వదిలేశాడన్నది నన్ను ఎప్పుడూ వేధించే ప్రశ్న. మీ అవతలాయనకు చక్రమే కావాలంటే కాళిదాసు దగ్గరికి పంపండి. 'నీచైర్గచ్ఛత్యుపరి చ దశా చక్రనేమిక్రమేణ', మన దశ చక్రనేమిలా కిందికీ పైకీ పోతుందని మేఘసందేశంలో ఉంది.

పదనిధి:
నన్నయ వదిలింది 'గతయౌవనా' ఒక్కటే. అందులోని బరువంతా 'గత' అన్న రెండక్షరాల్లోకి దింపాడు. ఎండమావులు మాత్రం చేర్చుకున్నాడు. 'మావు' పాత తెలుగులో గుర్రం. ఒకప్పుడు మృగమనే అర్థం కూడా ఉండి, సంస్కృతంలో ఎండమావిని చెప్పే 'మృగతృష్ణ' ఛాయలోనే 'ఎండమావు' పుట్టి ఉంటుందని నా ఊహ.

భౌతికం:
నేను సైన్సు మనిషిని, కాళిదాసు 'నేమి' నాకు బాగా నచ్చింది. నేమి అంటే చక్రం అంచు. అది పైకీ కిందికీ పోవాలంటే తిప్పేది ఒకటి ఉండాలి. సహజ చక్రాలు ఉన్నమాట నిజం. భూకక్ష్య ఆకారం మారడానికి సుమారు 1,00,000 ఏళ్లు, అక్షం వంపుకు 41,000, అయనచలనానికి (అక్షం బొంగరంలా తూలడానికి) సుమారు 26,000 ఏళ్లు. మంచుయుగాల రాకపోకల లయను నిర్ణయించేవి ఇవే. వీటి లెక్కన ఇప్పుడు భూమి మెల్లగా చల్లబడాలి. సూర్యుడి 11 ఏళ్ల చక్రంలో వెలుగు తేడా 0.1 శాతమే. పైగా సూర్యుడే కారణమైతే వాతావరణంలో పైపొర అయిన స్ట్రాటోస్ఫియర్ కూడా వేడెక్కాలి, అది చల్లబడుతోంది. ఎనిమిది లక్షల ఏళ్ల మంచుపొరల్లో చిక్కిన గాలిలో కార్బన్ డయాక్సైడ్ 300 పీపీఎం (పది లక్షల్లో 300 వంతులు) దాటింది లేదు. పరిశ్రమలకు ముందు 280 ఉండేది, ఇప్పుడు 420 దాటింది. గత మంచుయుగం ముగిసేటప్పుడు సుమారు 80 పీపీఎం పెరగడానికే వేల ఏళ్లు పట్టింది. చక్రం ఉందని చెబితే చాలదు, ఈ వేగంతో ఏది తిప్పుతోందో కూడా చెప్పాలి.

యుగంధర్మం:
యుగాలు చక్రమే కదా? కలి తర్వాత మళ్లీ కృతం వస్తుంది. వ్యాసుడు ఆ చక్రంలో దిగే భాగం గురించి చెబుతున్నాడు. అవతలాయన వాదం అంత తీసిపారేయదగ్గది కాదు.

వ్యాసపీఠం:
వస్తుంది సరే, సత్యవతి బతికుండగానా? మనుషుల లెక్కలో బతికేవాళ్లకు యుగాల లెక్క చెప్పి ప్రయోజనం లేదు. 'వచ్చు కాలము' అన్నప్పుడు వ్యాసుడి కళ్ల ముందున్నది కురువంశం చేసుకోబోయే నాశనం. అది ఏ గ్రహగతి వల్లా రాలేదు, వాళ్ల చేతులారా తెచ్చుకున్నది.

పాఠకురాలు:
ఇది చాలు నాకు. ఈ పద్యం ఆయన పక్షాన సాక్ష్యం చెప్పదని రాస్తాను, భౌతికం గారి లెక్కలు కూడా జోడిస్తాను. ఇంతకీ 'ము' అని రాయనా, 'మె' అని రాయనా?

ఛందోప్రియ:
'ము'.

పదనిధి:
తాళపత్ర ప్రతుల పాఠాంతరాలు చూసినవాళ్లు ఎవరైనా చెప్పేదాకా నేను 'మె' వదలను. గ–కా యతికి కూడా దానివల్ల వచ్చిన నష్టం లేదు.

ఛందోప్రియ:
యతి సంగతి ఎవరడిగారండీ? మీరు ముందు 'కంటెన్'కి జవాబు చెప్పండి.