అడపం అంటే తాంబూలపు సంచా, మంగలి పొదా?

అడపావారబ్బాయి:
మా ఇంటిపేరు అడపా. విజయనగర రాజుల కొలువులో 'అడపం' అనే ఉద్యోగం ఉండేదని, రాజుగారికి తాంబూలం అందించడమే ఆ పని అని, పేరు అక్కణ్ణుంచే వచ్చిందని మా బాబాయి చెప్తుంటాడు. మొన్న ఓ పెళ్ళిలో బళ్ళారి ఆయనొకరు "అడపమంటే మంగలి పొది కదండీ" అన్నారు. బాబాయి ముఖం మాడిపోయింది. పెరుగన్నం దాకా ఒకటే వాదన. ఇంతకీ ఎవరిది రైటు?

కొండవీటి చాంతాడు:
ఇద్దరిదీ. అడపం అంటే ముందు సంచి. ఆకు, వక్క, సున్నం పెట్టుకుంటే తాంబూలపు సంచి. కత్తి, సానరాయి పెట్టుకుంటే పొది. తమిళంలో 'అడైప్పం' అన్న మాటకీ ఈ రెండర్థాలూ ఉన్నాయి. కన్నడంలో అది హడప. 12వ శతాబ్దంలో కల్యాణ నగరంలో వీరశైవ గురువు బసవన్న దగ్గరుండే హడపద అప్పణ్ణ తాంబూలం అందించేవాడని కొందరు, క్షురకుడని కొందరు అంటారు. ఇప్పుడు కర్ణాటకలో హడపద అనేది క్షురక వృత్తివారి కులం పేరు. బళ్ళారి ఆయనకు ఆ అర్థమే తట్టడంలో తప్పేం లేదు.

అయినా బాబాయిగారు ముఖం మాడ్చుకోవడం దేనికి? రోజూ గొంతు దగ్గర కత్తి పెట్టనిచ్చేంత నమ్మకం రాజు ఎంతమంది మీద ఉంచుతాడు?

వెయ్యిస్తంభాలు:
హడప నుంచే అడపం వచ్చింది. రాయల ఆస్థానంలో కన్నడం నడిచేది కాబట్టి మనం అరువు తెచ్చుకుని 'హ' వదిలేశాం. ఇందులో చర్చకేముంది?

కొండవీటి చాంతాడు:
ఉంది. కన్నడంలో చాలా 'హ'లు పాత 'ప'లే. మన పాలు వాళ్ళకు హాలు, పులి హులి, పువ్వు హూవు. హడపలోది కూడా అలాంటి 'హ' అయితే మనకీ తమిళులకీ 'పడపం' లాంటిదేదో మిగలాలి. మిగల్లేదు, రెండు చోట్లా అచ్చుతోనే మొదలవుతుంది. అంటే ఆ 'హ' తర్వాత తగిలించుకున్నదే. తమిళంలో అడైప్పై అనీ అంటారు. అడై అంటే ఆకు, పై అంటే సంచి. నా ఓటు దానికే.

సున్నపుకాయ:
మన అడకత్తెర సంగతి మర్చిపోయారు! వక్కను కన్నడంలో అడికె, మలయాళంలో అడక్క అంటారు. వక్కను కత్తిరించేది అడకత్తెర. అదే 'అడ' అడపంలోనూ ఉందనుకోవచ్చుగా?

కొండవీటి చాంతాడు:
అడకత్తెర వరకు సరే. అడపంలో ఉన్నది ఆకా వక్కా అంటే మాత్రం నేనే అడకత్తెరలో పోకచెక్కనవుతాను.

వెయ్యిస్తంభాలు:
మాట ఎక్కణ్ణుంచైనా రానీండి. ఆకులు చుట్టి ఇచ్చే పనివాడిని పెద్ద పదవి అంటారేంటి? ఇంటిపేరు కోసం చరిత్రను సాగదీయకండి.

కొండవీటి చాంతాడు:
1535 ప్రాంతంలో విజయనగరం గురించి రాసిన పోర్చుగీసు వ్యాపారి నూనిజ్ అచ్యుతరాయల సామంతుల లెక్క ఇచ్చాడు. అందులో 'అడపనాయకు' అనే ఆయన ఒకరు. ఆయన సీమలో వజ్రాలు దొరుకుతాయి. రాబడి 3 లక్షల బంగారు వరహాలు. 8 వేల కాల్బలం, 800 గుర్రాలు, 30 ఏనుగులు. 20 మంజెలిన్ల (వజ్రాలు తూచే పాత తూకం) బరువు దాటిన వజ్రం మాత్రం రాజు ఖజానాకే. పనివాడంటారా? తంజావూరు నాయక రాజ్యం స్థాపించిన చెవ్వప్ప కూడా అచ్యుతరాయలకు అడపం పట్టినవాడేనని చరిత్రకారులు రాస్తారు.

రాజు నోట్లోకి పోయేది ఎవరి చేతి మీదుగా పోతుందో, విషం భయం వాళ్ళ దగ్గరే మొదలవుతుంది. పైగా తాంబూలమంటే ఊరికే నమిలేది కాదు. 1443లో వచ్చిన పారశీక రాయబారి అబ్దుర్ రజాక్‌కు రాజు సభలో రెండు తాంబూలపు కట్టలు, 500 పణాల సంచి, కర్పూరం ఇచ్చారు. ఎవరికి తాంబూలం అందిందో సభంతా చూసేది.

అయితే మీ అడపా ఆ అడపమేనని నేను మాట ఇవ్వలేను తమ్ముడూ. కొలువు పేరు వేరు, ఇంటిపేరు వేరు.

అడపావారబ్బాయి:
థాంక్సండీ, బాబాయికి ఇది చదివి వినిపించాను. ఏనుగుల దగ్గర రెండుసార్లు చదివించుకున్నాడు, చివరి మాట వినకుండా లేచిపోయాడు.

మా నాయనమ్మ బొడ్లో ఒక సంచి ఉండేది. గళ్ళ గుడ్డ, మూడు అరలు, లాగితే మూసుకునే తాడు, అడుగున సున్నం అంటి గట్టిపడిన మరక. దాన్ని వక్కాకు తిత్తి అనేది. అడపా వారి కోడలై ఉండి కూడా అడపం అని ఒక్కసారీ అనగా నేను వినలేదు.