డయాలసిస్‌లో ఉన్న అందరికీ విటమిన్ డి గోళీ అవసరమా?

నాన్నకోసం: మా నాన్నగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఒక డాక్టరు రోజూ కాల్సిట్రయాల్ (ఒంటికి నేరుగా పనికొచ్చే రూపంలోని విటమిన్ డి) 0.25 మైక్రోగ్రాములు రాశారు. ఇంకో డాక్టరు రిపోర్టులు చూసి ఆపేయమన్నారు. పీటీహెచ్ (పారాథైరాయిడ్ హార్మోన్) 210, ఫాస్ఫరస్ 6.8. ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

ఫిస్టులాచెయ్యి: ఆపొద్దండీ. విటమిన్ డి ఒంటికి పనికొచ్చే రూపంలోకి మారేది ముఖ్యంగా కిడ్నీలోనే. అది ఆగితే కాల్షియం పడిపోతుంది, పారాథైరాయిడ్ గ్రంథులు పీటీహెచ్‌ను ఎక్కువగా వదిలి ఎముకల్లోంచి కాల్షియం లాగేస్తాయి. నా పీటీహెచ్ వెయ్యి దాటినప్పుడు ఎముకల నొప్పితో నిద్ర ఉండేది కాదు. 2005లో అమెరికాలో 51 వేల మంది రికార్డులు చూస్తే, విటమిన్ డి ఇంజెక్షన్ తీసుకున్నవాళ్ళలో మరణాలు తక్కువని తేలింది కూడా.

ల్యాబ్‌మిత్ర: అవి పాత రికార్డులే కదండీ. కాస్త గట్టిగా ఉన్నవాళ్ళకే ఆ ఇంజెక్షన్ పడి ఉండొచ్చు. జపాన్ వాళ్ళు జె-డేవిడ్ ట్రయల్‌లో ఎవరికి మందు, ఎవరికి కాదు అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. పీటీహెచ్ 180 దాటని 964 మందిలో సగం మందికి రోజూ ఆల్ఫాకాల్సిడాల్ (కాల్సిట్రయాల్ లాంటి మందే) ఇచ్చి నాలుగేళ్ళు చూశారు. గుండె, రక్తనాళాల సమస్యలు మందు వాడినవాళ్ళలో 21.1 శాతం, వాడనివాళ్ళలో 17.9 శాతం. ఆ తేడాతో హాని రుజువైందని అనలేం, మేలు మాత్రం కనబడలేదు. 2018లో వచ్చిన ఫలితం ఇది.

ఫిస్టులాచెయ్యి: మరి నాలాంటివాళ్ళు?

ల్యాబ్‌మిత్ర: మీకు కావాలి, అందులో వాదన లేదు. రిపోర్టు చూడకుండా అందరికీ రాయడం మీదే నా అభ్యంతరం. ఈ మందు పేగుల్లోంచి కాల్షియంతోపాటు ఫాస్ఫరస్‌నూ ఎక్కువ లాగుతుంది. అవి రెండూ పెరిగితే రక్తనాళాల గోడల్లో పేరుకుంటాయి. పీటీహెచ్‌ను మరీ అణిచేసినా ఎముక తనను తాను బాగుచేసుకోదు. అందుకే కేడీఐజీఓ (కిడ్నీ జబ్బుల వైద్యంపై అంతర్జాతీయ సంస్థ) మార్గదర్శకాలు డయాలసిస్ రోగుల్లో పీటీహెచ్ మామూలు గరిష్ఠానికి 2 నుంచి 9 రెట్ల మధ్య ఉంచమంటాయి. ల్యాబు గరిష్ఠం 65 అయితే 130 నుంచి 585. నాన్నగారి 210 అందులోనే ఉంది.

నాన్నకోసం: ఫాస్ఫరస్ సంగతి?

ల్యాబ్‌మిత్ర: 6.8 ఎక్కువే, ముందు చూడాల్సింది అదే. తిండిలోని ఫాస్ఫరస్‌ను రక్తంలోకి పోకుండా పట్టి ఉంచే బైండర్ గోళీ అన్నంతోపాటే వేసుకుంటున్నారా? తిన్న గంటకు వేస్తే పెద్దగా ఉపయోగం ఉండదు.

ఫిస్టులాచెయ్యి: మందుల షాపులో దొరికే 60,000 యూనిట్ల పొడి కూడా సొంతంగా మొదలుపెట్టకండి. అది వేరే మందు, విటమిన్ డి నిల్వలు తగ్గితే ఇచ్చేది. ఈసారి డయాలసిస్‌కి వెళ్ళినప్పుడు పాత పీటీహెచ్ రిపోర్టులన్నీ తీసుకెళ్ళండి. అది పెరుగుతోందా, నిలకడగా ఉందా చూసి డాక్టరుగారు తేలుస్తారు.